ఇస్త్రీ గదిలో మంచు సముద్రం

ఆ వీధిలో తలెత్తి చూస్తే కనబడే అక్షరాల్లో సగం ఒకే చేతివి. మందుల షాపు, కళ్ళజోళ్ళ షాపు, తాళాలు బాగుచేసే కొట్టు, "గేటు ముందు బండి పెట్టరాదు" అని గుడ్లురిమే ఆరు గోడలు, అన్నీ బోర్డులమ్మ రాసినవే. ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. అది గుర్తింపు కార్డులో తప్ప ఇంకెక్కడా వినబడదు.

తండ్రి బోర్డులు రాసేవాడు. కొడుకును బ్రష్షు పట్టమంటే వాడు పారిపోయాడు. కూతురు పట్టొద్దన్నా పట్టింది. పన్నెండేళ్ళకే సున్నాలు గుండ్రంగా చుట్టడం నేర్చింది. తండ్రి చెప్పిన పాఠం ఒక్కటే: అంచు తెగాలి. పరుగెత్తే బస్సులోంచి చూసినా అక్షరం ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో కంటికి అనుమానం రాకూడదు. ఆ మాట ఆమె చేతిలో ఎముకలా పాతుకుపోయింది. ఇప్పుడు యాభై అయిదేళ్ళు. నిచ్చెన మీద నిలబడి, ఎడమచేత్తో గోడకు కర్ర ఆనించి, దాని ఊతతో కుడిచేత్తో గీత లాగితే బ్లేడుతో కోసినట్టు ఉంటుంది.

బొమ్మలు మాత్రం ఆమె దారి కాదు. బోర్డుల పక్కన మాట వరసకు వేసినవి మూడే: ఒక కళ్ళజోడు, ఒక టైరు, ఒక పన్ను. పన్ను ఎంత బాగా కుదిరిందంటే, దాన్ని చూస్తేనే సలుపు పుడుతోందని దంతవైద్యుడే నవ్వాడు.

మిషను మీద అచ్చుకొట్టిన బోర్డులు వచ్చాక పని తగ్గింది. పని తగ్గింది గానీ నోరు తగ్గలేదని వదిన అంటుంది.

ఈ వదిన బోర్డులమ్మ భర్తకు అక్క. రెండు వీధుల అవతల పెద్ద లాండ్రీలో ఇస్త్రీ గదికి పెద్ద. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దిండు గలీబులు బండ్లలో వచ్చి పడతాయి. తెల్లవారుజామున అయిదింటికి మిషన్లు మొదలైతే మధ్యాహ్నం రెండింటికి ఆగుతాయి. గదిలో తలుపు నుంచి చివరిదాకా వరసగా ఆరు బల్లలు, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో మనిషి, మూలన రెండు రోలర్లు. ఆరుగురూ ఒకే రకం నీలం ఏప్రన్లు కట్టుకుని, ఒకే గోడవైపు తిరిగి నిలబడతారు. ముప్ఫై అడుగుల గోడ. అవతల వేరేవాళ్ళ ఇల్లు కాబట్టి కిటికీ అన్నమాటే లేదు. ఏళ్ళ తరబడి ఆవిరి తాగి ఆ గోడ టీ ఒలికినట్టు మచ్చలు పడిపోయింది.

ఆ ఎండాకాలం ఓనరుకు ఎందుకో మనసు కరిగింది. గోడకు రంగు వేయిస్తానని, ఏ రంగు కావాలో చెప్పమని అన్నాడు. ఆయన మాట వరసకు అడిగాడు గానీ ఇస్త్రీ గదిలో రెండు రోజులు అదే చర్చ. ఒకరు జలపాతం అన్నారు, ఒకరు అడవి అన్నారు. వదిన మాత్రం రోజంతా ఆవిరిలో ఉడుకుతున్నవాళ్ళకు కళ్ళకైనా చలి పుట్టాలని, అందుకు మంచు సముద్రమే తగినదని తేల్చేసింది. ఓనరు నవ్వి, అలాంటిది వేసేవాళ్ళను ఎక్కడ పట్టుకొస్తామని అడిగాడు. "మా మరదలుందిగా" అంది వదిన, రెప్ప కూడా వేయకుండా.

ఆ సాయంత్రం సంగతి విని మరదలు ఒంటికాలి మీద లేచింది.

"నేను అక్షరాలు రాసేదాన్ని వదినా. బొమ్మలు నాకెక్కడొచ్చు?"

"పన్ను వేశావుగా."

"పన్నుకీ సముద్రానికీ పోలికేంటి?"

"రెండూ తెల్లగానే ఉంటాయి. అది చిన్నది, ఇది పెద్దది, అంతే."

వదిన ఒకసారి తేల్చేశాక వాదన దండగ. పైగా లోలోపల బోర్డులమ్మకు కొంచెం ఆశ కూడా పుట్టింది. ముప్ఫై అడుగుల గోడ! అంత గోడ ఆమె చేతికి ఎప్పుడూ దొరకలేదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిందాన్ని మించి మంచు చూసిన మనిషి కాదు. అయినా గ్రంథాలయానికి వెళ్ళి పిల్లల భూగోళం పుస్తకం తెచ్చుకుని, అందులోని మంచుకొండల ఫోటోను వారం రోజులు మంచం పక్కనే పెట్టుకుంది.

పని మధ్యాహ్నాలు మొదలైంది. మిషన్లు ఆగి, ఆవిరి పోయి, గది ఖాళీ అయ్యాక నిచ్చెన వేసేది. సుద్ద దారం బిగించి కొడితే సముద్రపు గీత తిన్నగా పడింది. దాని కింద నీలం, పైన లేత నీలం. నాలుగో మధ్యాహ్నం నీళ్ళలో మంచుగడ్డలు, దగ్గరవి పెద్దవి, దూరానివి చిన్నవి. ఒక్కోదానికి నల్లటి అంచు, కుడివైపున బూడిదరంగు నీడ, అక్షరాలకు వేసినట్టే. దాంతో సగం గోడ నిండింది. తనకే ముచ్చటేసింది. తెల్లారి పనికి వచ్చినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెడతారనుకుంటూ ఇంటికి వెళ్ళింది.

మర్నాడు వదిన పని దిగి నేరుగా వాళ్ళింటికే వచ్చింది. వచ్చిన మనిషి గోడ సంగతి తప్ప లోకంలో ఉన్నవన్నీ మాట్లాడింది. టీ తాగింది, ఇంకో కప్పు అడిగింది. బోర్డులమ్మ ఓపిక పట్టి పట్టి చివరికి అడిగేసింది.

"అందరూ ఏమన్నారు?"

"బాగుందన్నారు."

"వదినా."

"సబ్బులన్నారు."

"ఎవరన్నారు?"

"ఆరుగురూ. అబద్ధమెందుకు, నాతో కలిపే."

పక్క గదిలోంచి నవ్వు వినబడింది. అది భర్తది. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రెండేళ్ళ కిందట ఇంటి పట్టున చేరాడు. భార్య చూపు తగలగానే నవ్వును దగ్గుగా మార్చి, బయటికి వచ్చి సలహా ఇచ్చాడు. దూరానివి ఇంకా చిన్నవిగా వేస్తే సరిపోతుంది కదా అని. ఇప్పటికే వేశానని, అవి దూరంగా ఉన్నట్టు లేవని, అరిగిపోయిన సబ్బుల్లా ఉన్నాయని ఆమె ఒప్పుకోవలసి వచ్చింది. తన నోటితో తనే ఆ మాట అన్నాక తల కొట్టేసినట్టయింది. నిజమే. చిన్నదైనా పెద్దదైనా ప్రతి గడ్డకూ అదే నల్ల అంచు, అదే తెలుపు. అన్నీ వచ్చి గోడ మీదే కూర్చున్నాయి. వెనక్కి ఒక్కటీ పోలేదు.

రెండు రోజులు లాండ్రీ వైపు తొంగి చూడలేదు. ఒంట్లో బాగాలేదంది. వదిన కబురు మీద కబురు పంపినా పలకలేదు. మూడోరోజు మందుల షాపువాళ్ళు బోర్డు మీద ఫోన్ నంబరు మార్చాలన్నారు. నిచ్చెన లాండ్రీలో ఉండిపోయింది. చప్పుడు చేయకుండా తెచ్చేసుకుందామని పొద్దున్నే ఆరింటికి బయల్దేరింది.

ఆమె ఎప్పుడూ ఆ గదిని పని వేళ చూడలేదు. తలుపు తీయగానే వేడి ముఖాన కొట్టింది. రోలర్లు బుసలు కొడుతున్నాయి. తడి దుప్పటి మీద ఇస్త్రీపెట్టె పడ్డప్పుడల్లా తెల్లటి ఆవిరి లేచి, పైకి పోవడానికి దారిలేక గదంతా నిలిచిపోయింది. ఆమె తలుపు దగ్గరే ఆగిపోయింది. నిచ్చెన ఎక్కడుందో వెతుకుదామని చివరిదాకా చూసింది. చూసి, ఇంకా చూసింది.

మొదటి బల్ల దగ్గర వదిన. ఆమె ఏప్రన్ ముదురు నీలం, జేబు కుట్టు కూడా కనబడుతోంది. రెండో బల్ల దగ్గరి ఏప్రన్ అదే నీలం, కాకపోతే పాలు కలిపినట్టుంది. మూడోదానికి జేబు ఉందో లేదో తెలియడం లేదు. నాలుగోది బూడిదరంగు. అయిదో మనిషికి అంచులు కరిగిపోయాయి, జుట్టు కూడా నలుపు కాదు, పొగరంగు. ఆరో బల్ల దగ్గర మనిషి ఉన్నట్టు చెయ్యి కదిలితేనే తెలుస్తోంది. ఆ మనిషీ ఆవిరీ దాదాపు ఒకే రంగు.

ఆరు ఏప్రన్లూ ఒకే తానులోంచి కత్తిరించినవి. ఒకే నీళ్ళలో ఉతికినవి.

"ఎవరూ కదలకండి" అంది బోర్డులమ్మ.

ఆరుగురూ ఉలిక్కిపడి నిలబడిపోయారు. ఏదో పాము కనబడిందనుకున్నారట. దుప్పటి మాడిపోతుందని వదిన గొణిగితే, పెట్టె పైకెత్తి పట్టుకో గానీ నువ్వు జరగొద్దని కసిరింది. షాపు బోర్డు పనికని తెచ్చుకున్న సంచిలోంచి అట్టముక్కలు, రంగు సీసాలు తీసింది. తలుపు దగ్గరే నేలమీద కూలబడి నీలంలో తెలుపు కలిపి అట్టకు పూసి, చేయి చాచి, ఒక కన్ను మూసి, రెండో బల్ల ఏప్రన్ పక్కన పెట్టి చూసింది. సరిపోలేదు. తెలుపు ఒక్కటే చాలదు, ఆవిరి రంగు కలవాలి. చిటికెడు బూడిదరంగు కలిపింది. సరిపోయింది. అలా ఒక్కో బల్లకు ఒక్కో అట్ట. ముప్పావు గంట పట్టింది. వాళ్ళు కదలకుండా నిలబడ్డది అయిదు నిమిషాలే. తర్వాత ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు, ఆమెను దాటుకుంటూ తిరిగారు. పోతూ పోతూ ఒకామె, నేను ఎన్నో అట్టనమ్మా అని అడిగింది. అయిదు అని తెలిశాక, అందుకేనేమో నేనెక్కడ ఉన్నానో ఓనరుకు కనబడదు అంది.

ఆ మధ్యాహ్నం గోడ మొత్తం మళ్ళీ తెల్లగా కొట్టేసింది. సబ్బులన్నీ పోయాయి. ఆరు అట్టల ప్రకారం ఆరు డబ్బాల్లో రంగు కలిపి వరసగా పెట్టుకుంది.

ఈసారి పని తిరగేసి మొదలుపెట్టింది. ఎప్పుడూ ముందు ముదురు గీత లాగి తర్వాత లోపల నింపే మనిషి, ఇప్పుడు అన్నిటికంటే లేత డబ్బా తీసింది. అన్నిటికంటే దూరంగా ఉన్న మంచుకొండలు. ఆకాశానికీ వాటికీ తేడా వెంట్రుకవాసి. వాటి ముందు ఒక వరస కాస్త చిక్కగా, దాని ముందు ఇంకోటి. దూరపు నీళ్ళు కూడా పాలిపోయి ఉండాలి, దగ్గరికి వచ్చే కొద్దీ ముదరాలి. ఇదంతా బుర్రకు వెంటనే ఎక్కింది. చేతికే ఎక్కలేదు.

చేయి అంచు కోస్తూనే ఉంది. దూరపు కొండ గీసిన ప్రతిసారీ అలవాటుగా పదునైన గీత పడిపోతోంది, గీత పడగానే కొండ చెంగున ముందుకు దూకుతోంది. నాలుగుసార్లు తుడిచి నాలుగుసార్లు గీసింది. చివరికి విసుగొచ్చి, ఉతికి పడేసిన పాత గలీబు ఒకటి తీసుకుని, తడిగా ఉన్న అంచు మీద మెత్తగా రాసింది. గీత కరిగింది. కొండ వెనక్కి వెళ్ళింది. ఎంత దూరం వెళ్ళిందంటే, ఆమె నిచ్చెన మీద ఒక మెట్టు దిగి చూసింది.

రాసిన చేయి అక్కడే ఆగిపోయింది. నలభై ఏళ్ళలో అంచును కావాలని చెరపడం అదే మొదటిసారి. తండ్రి పోయి ఇరవై ఏళ్ళయింది. అయినా, వెనక ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని తిరిగి చూసింది. ఖాళీ బల్లలు, మడతపెట్టిన దుప్పట్లు. "అక్షరాలకి కాదు నాన్నా, ఇది వేరే" అని పైకే అనేసి, నాలుక్కరుచుకుని, మళ్ళీ గుడ్డ అందుకుంది.

పదకొండు మధ్యాహ్నాలు పట్టింది. ముందువైపు వచ్చేసరికి ఆమె చేతికి పాత హక్కు తిరిగొచ్చింది. దగ్గరి మంచుగడ్డకు పదును కావాలి, పగుళ్ళు కనబడాలి, నీటిలో మునిగిన భాగం ఆకుపచ్చ తిరిగిన నీలంగా ఉండాలి, కింద నీళ్ళు దాదాపు నలుపు. అచ్చమైన తెలుపును మాత్రం చివరిదాకా దాచింది. అంత గోడ మీద దాన్ని మూడే చోట్ల వాడింది, ఎండ తగిలే అంచుల మీద. మంచు అంటే తెలుపని అనుకున్నదాన్ని, అచ్చ తెలుపు ఎక్కడా పూయకుండానే ముప్పాతిక గోడ నింపానని ఇంట్లో గొప్పగా చెప్పుకుంది.

అంతా అయ్యాక ఓనరు వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి గోడను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు. తర్వాత తువ్వాలుతో మెడ తుడుచుకుని, చాలా బాగుందని, ఇక ఆకాశంలో ఎర్రటి అక్షరాలతో లాండ్రీ పేరు, కింద ఫోన్ నంబరు రాసేస్తే పూర్తవుతుందని అన్నాడు. రాయడంలో ఆమెను మించినవాళ్ళు లేరని కూడా అన్నాడు. అది పొగడ్తే.

జీవితమంతా అక్షరాలు రాసి బతికిన మనిషి. కాగితం ముక్క మీద రాయమన్నా కాదనని మనిషి. బోర్డులమ్మ ఆకాశం వంక చూసింది. అక్కడ ఎర్రటి అక్షరం పడితే ఏమవుతుందో ఆమెకు కనబడుతూనే ఉంది. అది గది మధ్యలోకి వచ్చి నిలబడుతుంది. వెనక ఉన్న మైళ్ళ దూరం మూసుకుపోతుంది.

"రాయను సార్" అంది.

ఓనరు వినబడలేదనుకుని మళ్ళీ చెప్పాడు. ఆమె మళ్ళీ అదే అంది. ఓనరు ముఖం మాడింది. గోడ ఎవరిదో అడగబోయాడు. అప్పుడు వదిన మడతపెడుతున్న దుప్పటి బల్ల మీద పెట్టి ముందుకొచ్చింది.

"లోపల పేరు చదివేదెవరు సార్? మేం ఎక్కడ పనిచేస్తున్నామో మాకు తెలుసుగా."

చివరి బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఓనరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. లాండ్రీ ముందున్న పాత బోర్డును బోర్డులమ్మ కొత్తగా రాసిపెట్టేటట్టు, ఆకాశం జోలికి ఎవరూ పోకుండా ఉండేటట్టు ఒప్పందం కుదిరింది. ముందు బోర్డును ఆమె ఎంత పదునుగా రాసిందంటే, రోడ్డు అవతల కంటి డాక్టరు దగ్గర చూపు పరీక్షకు దాన్నే చదివిస్తున్నారని చెప్పుకున్నారు.

నిచ్చెన, డబ్బాలు తీసేసిన మర్నాడు పొద్దున ఆమె కూడా అయిదింటికే వెళ్ళింది. ఆరుగురూ వచ్చారు. రోజూ ముక్కలుగా చూసిన గోడను అడ్డు లేకుండా మొత్తంగా చూడడం వాళ్ళకు అదే మొదటిసారి. మొదటి బల్ల మనిషి నుంచి ఆరో బల్ల మనిషి దాకా ఎవరూ ఇస్త్రీపెట్టె స్విచ్ వేయలేదు. గోడ ఉండాల్సిన చోట గోడ లేదు. పొద్దుటి పూట సముద్రం, దాని మీద తేలే మంచు, వెనక ఇంకా మంచు, ఆ వెనక ఉందో లేదో చెప్పలేని కొండలు. ఆరో బల్ల ఆవిడ ఎప్పుడూ నోరు విప్పదు. ఆవిడే ముందుగా మాట్లాడింది. ఇన్నేళ్ళూ పని చేస్తుంటే చూపు గోడకు తగిలి వెనక్కి వచ్చేదని, ఇప్పుడు పోతూనే ఉందని అంది. గదిలో వేడి ఒక్క డిగ్రీ కూడా తగ్గలేదు. అయినా ఆ రోజు ఒకామె ఉన్ని శాలువా తెచ్చుకుని కప్పుకుని పనిచేసింది. రెండు నిమిషాలకే చెమటలు కక్కుతూ తీసేసింది, అది వేరే సంగతి.

ఓనరు మాత్రం మంచుకొండలు తనే మోసుకొచ్చినంత గర్వపడ్డాడు. హోటలు మేనేజర్లను లోపలికి తీసుకొచ్చి చూపించడం మొదలుపెట్టాడు. ఇంతకుముందు ఆ గదిలోకి నెలకొకసారి కూడా అడుగుపెట్టని మనిషి, రోజుకు రెండుసార్లు వస్తున్నాడు. అలా వచ్చిన ఒక పొద్దున ఆయన పరుగున గోడ దగ్గరికి వెళ్ళాడు. గోడ మీద నీటి చుక్కలు. మంచుకొండ మీదుగా సన్నటి ధారలు కట్టి కారుతున్నాయి. ఒక మూల రంగు ఉబ్బింది. బోర్డులమ్మకు ఆగమేఘాల మీద కబురు వెళ్ళింది. పైన ఏదైనా పూత పూస్తే ఆగుతుందా అని ఆయన ఆత్రంగా అడిగాడు.

"ఏ పూతా ఆగదు సార్. ఆవిరి బయటికి పోవాలి."

వారం తిరక్కుండా మనుషులు వచ్చారు. పైకప్పుకు రెండు చోట్ల రంధ్రాలు పెట్టి, బండి చక్రాలంత ఫ్యాన్లు బిగించారు. స్విచ్ వేయగానే ఆవిరి పొగలా పైకి లాక్కుపోయింది. ఇస్త్రీ గదిలో మొట్టమొదటిసారి గాలి ఆడింది. మెడ వెనక చెమట ఆరడం తెలిసి, ఆరుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. వదిన ఓనరు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"పన్నెండేళ్ళుగా మాకు చెమటలు పడుతున్నాయి సార్. గోడకి పట్టగానే కనబడింది మీకు."

ఓనరు తిరుగుతున్న ఫ్యాన్ల వంక చూశాడు. గోడ వంక చూశాడు, నేల వంక చూశాడు. కాసేపటికి, నిజమేనమ్మా, ముందే చేయాల్సింది అన్నాడు. అలా ఒప్పుకున్నందుకు వదిన ఆయన్ను సగం క్షమించింది. మిగతా సగం తర్వాత చూద్దామని ఇంట్లో చెప్పింది.

ఉబ్బిన మూలను బోర్డులమ్మ గీకి మళ్ళీ వేసింది. ఆ తర్వాత ఆమెకు కొత్త పిచ్చి పట్టింది. దూరం ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి చూడాలి. ఒక ఆదివారం పొద్దున్నే భర్తను లేపి, మొదటి బస్సు ఎక్కించి, ఊరి చివర వంతెన మీదికి తీసుకెళ్ళింది. ఏటి అవతల వరసగా అయిదు గుట్టలు. సంచిలో అట్టముక్కలు సిద్ధంగా ఉన్నాయి.

మొదటి గుట్ట ఆకుపచ్చగా ఎందుకుందో, చివరిది నీలంగా ఎందుకుందో ఆమె ఆయనకు విడమరచి చెప్పింది. మధ్యలో ఉన్న గాలే తెర అని, తెర ఎంత మందమైతే రంగు అంత కరుగుతుందని, అంచులు కూడా మెత్తబడతాయని వేలెత్తి చూపిస్తూ చెప్పింది. ఆయన వంతెన గోడ మీద మోచేతులు ఆన్చి శ్రద్ధగా విన్నాడు.

"అవును. పొద్దుటి డ్యూటీలో అంతేగా. ఎదురుగా వచ్చే లారీ దూరాన ఉన్నప్పుడు తెల్లగా ఉండేది. దగ్గరికొచ్చాకే అది ఎర్రదో పచ్చదో తెలిసేది."

బోర్డులమ్మ బ్రష్షు దించింది.

"ముప్ఫై ఏళ్ళుగా తెలుసా మీకు?"

"రోజూ చూసిందేగా."

"మరి నా సబ్బులు చూసినప్పుడు చెప్పొచ్చుగా?"

"నువ్వు మంచు గురించి అడిగావు. లారీల గురించి అడగలేదుగా."

ఆమె ఆయన్ను కాసేపు ఎగాదిగా చూసింది. తర్వాత ఒక అట్ట ఆయన చేతిలో పెట్టి, చివరి గుట్ట పక్కన ఎత్తి పట్టుకోమంది. ఆయన పట్టుకున్నాడు. చేయి కొంచెం కిందికి దించమంది. దించాడు. గుట్టల మీద ఎండ పాకుతోంది, రంగులు మారిపోతున్నాయి, మాట్లాడే టైము లేదు.